పర్ణశాల వాలు మీద మూడు గుంటలు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు నేను ఈ గంటలో ఒక్కసారి కూడా పలకను. ఆయన ఇంట్లోవాళ్లు అలాగే కోరారు. ఆయన స్వభావమూ అదే. ముప్ఫై ఏళ్లకు పైగా నేలల సర్వే చేసిన మనిషి, తాను గీసిన ఏ పటం మూలనా సంతకం పెట్టలేదు. ‘సంతకం పెట్టినవాడికి మళ్లీ వచ్చి దిద్దడానికి మనసొప్పదు’ అనేవారు. మేమంతా మాస్టారనే పిలిచేవాళ్లం. ఇవాళా అలాగే పిలుస్తాను.

పర్ణశాలకు వచ్చినవాళ్లు సీతవాగు చూడకుండా వెనక్కి పోరు. సీతమ్మ నారచీర ఆరేసిన చోటని రాతి మీద చారలు చూపిస్తారు. ఆమె పసుపూ కుంకుమా తీసుకున్న రాళ్లని రంగురాళ్లు చూపిస్తారు. పంచవటి ఇక్కడా నాసిక్‌లోనా అనే తగవులోకి నేను దిగను. మాస్టారు నన్ను మొదటిసారి ఈ వాగు దగ్గరికి తెచ్చేనాటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆయన ఒక ఎర్రరాయి, ఒక పచ్చరాయి ఏరి, తడిపి, బండ మీద అరగదీశారు. రెండు బొట్లు పక్కపక్కన నిలిచాయి. ‘వీటిలో తేడా ఏమిటి?’ అన్నారు. ‘రంగు’ అన్నాను. ‘కాదు, నీళ్లు’ అన్నారాయన.

రాయికైనా మట్టికైనా ఎరుపు, పసుపు తెచ్చేది మామూలుగా ఇనుమే. ఎరుపు తెచ్చే హెమటైట్‌లో ఇనుమూ ఆక్సిజనూ మాత్రమే ఉంటాయి. పసుపు తెచ్చే గోథైట్‌లో వాటితో పాటు హైడ్రోజన్ కూడా ఉంటుంది, అంటే నీటి తాలూకు అంశ అందులో మిగిలి ఉంటుంది. ఎండు రోజులూ వేడీ ఎక్కువైన చోట ఎరుపుది పైచేయి, చెమ్మ విడవని చోట పసుపుది. పైగా హెమటైట్ కొంచెమున్నా చాలు, మట్టినంతా తన రంగులో ముంచేస్తుంది. కాబట్టి మట్టి రంగు చూడటమంటే ఆ చోటి ఎండావానల పాత ఖాతా తిరగేయడమే. అయితే కింది రాయిలోనే ఎరుపుంటే మట్టికి ఊరికే వచ్చేస్తుంది, అప్పుడు వాతావరణం మీద ఏ తీర్పూ చెప్పలేం. మాస్టారు మొదటి మాట చెప్పిన ప్రతిసారీ ఈ రెండో మాట కూడా చెప్పేవారు. వినేవాళ్లకు విసుగొచ్చేది, ఆయనకు రాలేదు.

నేలను రాతి పొడిగా చూడటం మాని, తనకంటూ పుట్టుకా పెరుగుదలా ఉన్న వస్తువుగా చూడటం రష్యాలో దొకుచాయెవ్‌తో మొదలైంది. నల్లనేలల మీద ఆయన గ్రంథం 1883లో వచ్చింది. నేల పుట్టుకకు వాతావరణం, జీవజాలం, భూమి వాలు, కింది రాయి, కాలం అనే ఐదు కారణాలను ఒక సూత్రంగా కట్టి 1941లో పుస్తకం రాసినవాడు హాన్స్ జెన్నీ. దానికి ఆరేళ్ల ముందు, 1935లో, తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన జెఫ్రీ మిల్న్ ఒక గుట్ట మీది నుంచి పల్లం దాకా నేలలు గొలుసులోని లంకెల్లా ఒకదానికొకటి తగులుకొని ఉంటాయని చూపించి, దానికి ‘కాటెనా’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో గొలుసు అనే అర్థం. ఈ ముగ్గురి సంగతీ నేను కాలేజీలో చదివి మార్కులు తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఇక్కడి వాలు మీదనే.

ఆ వాలు మీద మూడు గుంటలు తవ్వాం. మొదటిది గుట్ట మొదట్లో. మోకాలి లోతు దిగకముందే పలుగు ఖణేల్‌మంది. పైన కొంచెం ఎర్రమన్ను, దానిలో సగం గులక, కింద మొరం, ఆ కింద రాయి. వాన పడితే ఇంకేంత మందమూ లేదు, నిలిచేంత చదునూ లేదు. మన్ను తయారవడం ఆలస్యం, జారిపోతూ ఉంటుంది. ‘ఇది నేల కాదు, పిల్లనేల’ అన్నారు మాస్టారు. శాస్త్రం దీన్ని ఎంటిసోల్ అంటుంది, ఇంకా పొరలు ఏర్పడని నేల అని. ఆ గుంట మీద ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

రెండోది నడివాలులో, ఒక కోయ పెద్దాయన జొన్న చేలో. ఆయన్ని మేం తాతా అనేవాళ్లం, ఆయన మమ్మల్ని సారూ అనేవాడు. మనిషి లోతు దిగినా రాయి తగల్లేదు. పైన ఇసక పాలు ఎక్కువ, చేతిలో నిలవదు. జానెడున్నర కిందికి వెళ్లేసరికి మన్ను బిగిసింది. వేళ్ల మధ్య ఒత్తితే రిబ్బను సాగింది. బెడ్డను విరిచి భూతద్దం కింద పెడితే ముఖాల మీద నూనె రాసినట్టు సన్నటి మెరుపు. వాన నీళ్లు పైపొరలోని సన్నటి బంకమన్నును మోసుకొచ్చి కింది బెడ్డల మీద పూత పూసి పోయాయన్నమాట. ఈ పూతకు ఏళ్లూ పూళ్లూ పట్టాలి. అంతకాలం నేల కదలకుండా ఉండాలి, ఒకసారి తడిసి ఒకసారి ఎండుతూ ఉండాలి. నిత్యం తడిసే చోట ఈ పూత అంతగా కట్టదు, తడే ఎరగని చోట అసలు పుట్టదు. కాబట్టి ఆ మెరుపు చూసినవాడు వాన లెక్కల పుస్తకం తెరవకముందే ఇక్కడ ఏడాదికి రెండు ముఖాలున్నాయని చెప్పగలడు.

నేను తప్పు చేసిందీ ఇక్కడే. మిట్టమధ్యాహ్నం, దాహం, తల మీద తువ్వాలు. మట్టి రంగులకు మన్సెల్ పుస్తకమని ఒకటుంటుంది. పెయింటు దుకాణంలో రంగుల అట్టల్లా పేజీకి కొన్ని బిళ్లలు. వాటి పక్కన బెడ్డను పెట్టి పోల్చి నంబరు రాసుకోవాలి. నేను 2.5 వైఆర్ 4/6 అని రాసుకున్నాను. గుంట పూడ్చాం. రాత్రి భద్రాచలంలో లాంతరు ముందు మాస్టారు నా నోటుబుక్కు తిప్పి ‘ఇది తడి రంగా, పొడి రంగా?’ అన్నారు. నాకు గుర్తు లేదు.

దానికింత గొడవేమిటని మీకనిపించవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ 1975లో పుస్తకంగా తెచ్చిన నేలల వర్గీకరణనే మన దేశపు సర్వేలూ వాడుతున్నాయి. ఇప్పుడందులో పన్నెండు మహావర్గాలు. బంకమన్ను కిందికి దిగి పేరుకొని, క్షారగుణమిచ్చే లవణాలు పూర్తిగా కొట్టుకుపోని మా రెండో గుంట నేల ఆల్ఫిసోల్. ఆ వర్గంలో బాగా ఎర్రనివాటిని రోడస్టాల్ఫ్ అని వేరు చేస్తారు. అలా వేరు చేయడానికి తడి మట్టి ముదురు రంగులో ఉండాలి. అంతేకాదు, ఎండాక అది ఒక మెట్టుకు మించి తేలిపోకూడదు. అంటే రెండు రంగులూ కావాలి. నా దగ్గర ఒకటే ఉంది, అదీ ఏదో తెలియనిది.

మర్నాడు మొదటి బస్సుకు మళ్లీ వచ్చాం. పూడ్చిన గుంట మళ్లీ తవ్వాం. చేను గలాయన గట్టు మీద కూర్చుని చూశాడు, ఏమీ అనలేదు. మాస్టారు తాగే నీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు బెడ్డ మీద చల్లి, పుస్తకం నా చేతికిచ్చారు. తడి రంగు 3/6. అంటే ముందు రోజు రాసుకున్న 4/6 పొడి రంగు, తేడా ఒక్క మెట్టే. నేల పేరు ఖాయమైంది.

ఆ పేరును విప్పి చూడండి. రోడ్ అనేది గ్రీకులో గులాబీ. అస్ట్ అనేది లాటిన్‌లో కాలినది అనే మాట నుంచి వచ్చింది. చివరి ఆల్ఫ్ కులం పేరు. ఎర్రనిదీ, కాలినదీ. మే నెలలో భద్రాచలం బస్టాండులో గంటసేపు నిలబడ్డవాళ్లెవరికీ ఈ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ‘అస్ట్’ అని ఊరికే పెట్టరు. వేరు తాగే పొర మామూలు ఏడాదిలో మొత్తం మీద తొంభై రోజులో అంతకు మించో ఎండి ఉండాలి. అయినా పంట పండేటంతగా, నూట ఎనభై రోజులకు మించి గానీ వరసగా తొంభై రోజులు గానీ చెమ్మ ఉండాలి. ఈ ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన, అందులో ముప్పాతిక వంతు నైరుతి నెలల్లోనే. తక్కిన ఏడాదంతా ఎండ. పేరు సరిగ్గా అతికింది.

ఇంకో ముక్క మాత్రం నాకు ఇప్పటికీ అతకదు. నేల ఉష్ణోగ్రతను యాభై సెంటీమీటర్ల లోతున చూస్తారు. ఏడాది సగటు ఇరవై రెండు డిగ్రీలు దాటితే హైపర్‌థెర్మిక్. అందులో వేసవికీ శీతకాలానికీ ఆరు డిగ్రీల తేడా లేకపోతే ముందు ‘ఐసో’ చేరుస్తారు, ఏడాదంతా ఒకే వేడి అని. వేసవి అంటే ఏ నెలలు? జూన్, జూలై, ఆగస్టు. అమెరికావాళ్లకు అది నిండు వేసవే. మనకో? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. మృగశిర వచ్చిందంటే చల్లబడుతుందని ఆశ. రోహిణి దాటి, మృగశిర దాటి, ఆరుద్ర పురుగు కనబడి, నాట్లు పడే మాసాలను పట్టుకొని వేసవి అంటోంది ఆ పుస్తకం. మన అసలు ఎండలు ఏప్రిల్, మే నెలల్లో కాచిపోయాయి. అవి వేసవి లెక్కలోకే రావు. వాన మబ్బుల కింద చల్లబడ్డ నేలను సంక్రాంతి నేలతో పోలిస్తే తేడా ఎంత కనబడుతుంది? అందుకే హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ఎర్రనేల పేరులో ఐసోహైపర్‌థెర్మిక్ అని ఉంటుంది. రోళ్లు పగిలే దేశంలో ఏడాదంతా ఒకే వేడట! మాస్టారు దీన్ని తలుచుకొని నవ్వేవారు. కానీ పటంలో రూలు ప్రకారమే రాసేవారు. ‘రూలు తప్పని తెలిస్తే రూలు మార్చమని ఉత్తరం రాయి, పటం మార్చకు’ అనేది ఆయన మాట.

పైగా ఆ యాభై సెంటీమీటర్ల లోతున థర్మామీటరు పెట్టి ఏళ్ల తరబడి చూసినవాళ్లు తక్కువ. ఎక్కువ చోట్ల గాలి ఉష్ణోగ్రతకు కొంత కలిపి అంచనా వేస్తారు. ఆ గాలి లెక్క దూరాన ఉన్న పెద్ద కేంద్రంలోది. వాన కొలత మండల కేంద్రంలోది. గుట్ట వెనక పడ్డ వాన అందులో లేదు. సర్వే అన్నా, వాతావరణ లెక్కలన్నా, భూస్వరూపమన్నా మూడూ ఒకే లోతున తెలిసినవి కావు. గుంట మనం చూసినది, వాలు మనం కొలిచినది, వాతావరణం చాలావరకు అరువు తెచ్చుకున్నది. నేల పేరు చదివేటప్పుడు ఈ అప్పు సంగతి మనసులో ఉండాలి.

మూడో గుంట పల్లంలో. అక్కడ ఎరుపు లేదు. బూడిద కలిసిన నలుపు, ఎండకు పాదం పట్టే నెర్రెలు. కింద బెడ్డల ముఖాలు ఒకదానితో ఒకటి రాసుకొని అద్దంలా నునుపెక్కాయి. రెండు చుక్కల ఆమ్లం వేస్తే బుసబుసమని పొంగింది. సున్నం. పై వాలు నుంచి వాన కడిగి తెచ్చిన సున్నమూ మెగ్నీషియమూ పల్లంలో ఆగి, ఉబ్బే జాతి బంకమన్ను తయారయ్యే వీలు కల్పించాయి. ఒకే వాన, ఒకే ఎండ, నడక దూరంలో ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. తేడా అంతా వాలుదే. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ పొలంలోనూ ఇదే చూడవచ్చు. ఒకే ఆవరణలో పటాన్‌చెరు ఎర్రనేల, కాసిరెడ్డిపల్లి నల్లరేగడి.

రేగడి అన్నాను కదా. ఇంగ్లీషు నేలశాస్త్ర పుస్తకాల్లో చాలాకాలం నల్లనేలకు ‘రెగూర్’ అనే పేరు నడిచింది. అది మన రేగడే. 1898లో లెదర్ అనే రసాయనవేత్త భారతదేశపు నేలలను ఒండ్రు, నల్ల, ఎర్ర, లాటరైటు అని నాలుగు పెద్ద పాయలుగా విడదీసినప్పటికే తెలుగు రైతు మాట దొరల పుస్తకాల్లో ఉంది. రష్యాలోనూ అంతే, చెర్నోజెమ్ అన్నా పోడ్‌జోల్ అన్నా అక్కడి రైతుల మాటలే. పోడ్‌జోల్‌ను విని పోడు అనుకునేరు, చుట్టరికమేమీ లేదు, రెండింట్లోనూ బూడిద ఉందంతే. మన చెలక, దుబ్బ, గరప, చౌడు కూడా అలాంటి మాటలే. వాటిలో రంగు ఒక్కటే కాదు, నాగలికి ఎలా లొంగుతుంది, ఎన్నాళ్లు చెమ్మ పడుతుంది, ఏ పైరు నిలుస్తుంది అన్నీ ఉన్నాయి. వాటిని వర్గీకరణ పేరు పక్కన రాయమని మాస్టారు పోరేవారు. చాలా నివేదికల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

ఈ ఊరికి నేల విలువ కట్టడంలో మరో చిత్రమైన చరిత్ర ఉంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. భద్రాచలం కొన్నాళ్లు మధ్యపరగణాల్లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. అంటే చాలాకాలం పర్ణశాల ఒడ్డు ఒక రాజ్యం, ఎదుటి ఒడ్డు ఇంకో రాజ్యం. మద్రాసు వాళ్లు రైత్వారీ గ్రామాల్లో నేలను రేగడి, ఎరుపు, ఇసక అని చూసి ‘తరం’ కట్టి శిస్తు వేశారు. నిజాం వైపు బొంబాయి పద్ధతి, నేలను అణాల్లో తూచారు. ఏటి ఈవల తరం, ఆవల అణా. రెండిటికీ కావలసింది పన్ను. అయినా ఆ గుమాస్తాలు చేను చేనుకూ తిరిగారు, మట్టి చేత్తో పట్టి చూశారు. ఈ మాట ఎందుకంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

గోదావరి గట్టున గుంట తవ్వనక్కర్లేదు. ఏరే కోసి పెట్టింది. ఇసక, ఒండ్రు, ఇసక, ఒండ్రు. మిరప తోటలకు పేరుపడ్డ నేలలివే. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు పోయింది. 2022 జూలైలో 71.3. గట్టు కోతలో ఒక మందపు పొర చూపించి ‘ఇది ఎనభై ఆరుది మాస్టారూ’ అన్నాను. ‘తేదీ రాసి పోయిందా?’ అన్నారు. పొర కింద సీసా పెంకో, ప్లాస్టిక్ ముక్కో, కాల నిర్ణయం చేయగల ఏదో ఒకటి చూపించేదాకా అది ‘ఒక వరద’ మాత్రమే. ఆయన నోటుబుక్కులో అలాగే ఉంది.

ఇక పటాల మాట. నాగపూర్‌లోని జాతీయ మృత్తికా సర్వేక్షణ, భూవినియోగ ప్రణాళికా సంస్థ 1976 నుంచి ఉంది. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వేసిన నేలల పటం 1:2,50,000 స్కేలుది. అంటే పటంలో ఒక సెంటీమీటరు, నేల మీద రెండున్నర కిలోమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 625 హెక్టార్లు. మా మూడు గుంటలూ గోదావరి గట్టూ కలిపి ఆ పటంలో వేలి గోరు కింద దాగుతాయి. అది పటం లోపం కాదు, రాష్ట్రమంతటికీ ఒక చూపు ఇవ్వడానికి వేసిన పటమది. దాన్ని పట్టుకొని ఒక చేనుకు సలహా చెప్పేవాడిది లోపం. ఇప్పుడు అదే సంస్థ 1:10,000 స్కేలులో సర్వేలు చేస్తోంది, అక్కడ చదరపు సెంటీమీటరంటే ఒక హెక్టారు. చేనుకు అక్కరకొచ్చేది ఆ పటం. అది ఏజెన్సీ మండలాలన్నిటికీ రావాలి.

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డు మీ ఇళ్లలో ఉండే ఉంటుంది. పన్నెండు అంశాలు పరీక్షిస్తారు. వర్షాధారపు భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా, నీటి పారుదల ఉంటే రెండున్నర హెక్టార్లకు. మట్టి తీసేది పైనుంచి పదిహేను, ఇరవై సెంటీమీటర్లు. ఎరువు ఎంత వేయాలో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ మా రెండో గుంటలో కథంతా ఆ లోతుకు కింద మొదలైంది. మొదటి గుంట పైమన్నూ రెండో గుంట పైమన్నూ సంచుల్లో పోసి పక్కపక్కన పెడితే రెండు నంబర్లూ దగ్గర దగ్గరగా రావచ్చు. ఒకదాని కింద రాయి ఉంది, రెండోదాని కింద వారాల తరబడి చెమ్మ దాచే మన్ను ఉంది. కార్డు మీద ఆ తేడా రాసే గడి లేదు. వాలు రాసే గడి లేదు. శిస్తు కోసం తిరిగిన గుమాస్తా చూసినంత కూడా మనం చూడకపోతే ఎలా?

2023లో ఈ రాష్ట్రంలో పోడు పట్టాలు పంచారు. ఆ భూముల్లో చాలావరకు గుట్ట వాలు మీదివే. పోడు కొట్టినవాళ్లు ఒకటి రెండు పంటలు తీసి అడవికి వదిలి ఇంకో చోటికి పోయేవారంటే, అది బద్ధకమని వెనకటి అధికారులు రాశారు. మొదటి గుంటలాంటి నేలలో బూడిద ఇచ్చిన బలం ఎన్నాళ్లుంటుందో, వాలు మీద వాన ఎంత మన్ను తీసుకుపోతుందో చూసినవాళ్లకు అది లెక్క తెలిసిన పని అని తెలుస్తుంది. ఇప్పుడు పట్టా ఉన్నచోటే ఉండాలి. ప్రతి ఏడూ పత్తో మొక్కజొన్నో వేయాలి. జీలుగ, గట్లు, అడ్డం దుక్కి, చెట్ల వరస, ఏది ఎక్కడ అన్నది ఆ వాలు మీద గుంట తవ్వకుండా చెప్పడం చీటీ చూడకుండా మందు ఇవ్వడమే. సారపాక కాగితపు మిల్లు ఇదే ప్రాంతంలో జామాయిల్ క్లోన్లు తయారుచేసి భద్రాచలం క్లోన్లుగా దేశమంతా పంపింది. వాటిని కూడా నేలను బట్టి ఎంచుకోవాల్సి వచ్చింది. చెట్టుకిచ్చిన మర్యాద జొన్నకూ కందికీ ఇద్దాం.

రెండో గుంట సంగతి కొంచెం మిగిలింది. రెండోసారి తవ్వి రంగు చూసుకొని, బస్సు వేళవుతోందని నేను పార అందుకొని గబగబా పూడ్చేశాను. అప్పటిదాకా గట్టు మీద ఊరక కూర్చున్న తాత లేచి వచ్చాడు. ‘కింది మన్ను పైకేశావ్ సారూ. ఈ ఏడు ఆ జాగాల ఏం మొలుస్తది?’ అన్నాడు. పైన ఎర్రటి బంకమన్ను పడి ఉంది. పైపొరలోని ఆ సన్నటి ఇసకపాటి మన్ను, జొన్న మొలకకు దారిచ్చే మన్ను, అడుగున పడిపోయింది. మాస్టారు బస్సు వదిలేశారు. చొక్కా విప్పి గట్టున పెట్టి, ముగ్గురం కలిసి మూడోసారి తవ్వి, వచ్చిన వరసలోనే పూడ్చాం. భద్రాచలం చేరేసరికి రాత్రయింది.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఈ వేసవిలో మీలో ఎవరైనా పునాది తీస్తారు, బావి తోడతారు, బోరు గుంట తవ్వుతారు. ఒక్క పూట ఆగి ఆ గోడను కత్తితో గీకి చూడండి, పిల్లలను పిలిచి చూపించండి, మీ నేలకు మీరు పిలిచే పేరు కాగితం మీద రాసి వ్యవసాయాధికారికి ఇవ్వండి. గుంట పూడ్చేటప్పుడు మాత్రం కింది మన్ను కిందికే వేయండి.